తుదనుంచి మొదలుపెట్టిన జవాబు పత్రం

2023 మొదట్లో జరిగిన సంగతి ఇది. నేను అప్పటికి ఆదోనిలో ఒక డిగ్రీ కాలేజీలో గణితం చెబుతూ, ఎమ్మిగనూరులో కాపురం ఉంటున్నాను. ఇప్పటికీ అంతే. ఉదయం బస్సు సరిగ్గా నడిస్తే మొదటి పీరియడ్ అందుతుంది; మార్కెట్ యార్డు ముందు పత్తి లారీలు అడ్డంగా నిలబడి ఉంటే రెండో పీరియడ్ అందుతుంది. కాలం, దూరం, వేగం లెక్కలు పిల్లలకు చెప్పే మనిషినే కానీ, నా బస్సు ఎప్పుడు చేరుతుందో మాత్రం ఏనాడూ సరిగ్గా చెప్పలేకపోయాను.

ఒకరోజు మా ప్రిన్సిపాల్‌గారు పిలిచి, తనిఖీకి వచ్చే బృందానికి చూపించడానికి గణిత విభాగం నుంచి ఒక స్టడీ ప్రాజెక్టు కావాలన్నారు. అంటే మా విద్యార్థుల్నే ప్రశ్నలడిగి రాసే చిన్న పరిశీలన. అంశం కూడా ఆయనే ఎంచి పెట్టారు: డిగ్రీ విద్యార్థుల గణిత సాధనను ప్రభావితం చేసే కారకాలు.

"మీరు లెక్కలవాళ్లు. కారకాలు మీకేం కొత్త కాదు కదా," అన్నారు.

మాకు తెలిసినవి కారణాంకాలు. పన్నెండును ఇస్తే రెండు, రెండు, మూడు అని విడగొట్టి చేతిలో పెడతాం. మనిషిని ఇచ్చి విడగొట్టమంటే ఏం చేయాలో మా సిలబస్‌లో ఏ సెమిస్టర్‌లోనూ లేదు. అయినా సరేనన్నాను. ప్రిన్సిపాల్‌గారి ముందు సరేననడంలో నా గణిత సాధనకంటే మంచి సాధన ఉంది నాకు.

సాయానికి స్టాటిస్టిక్స్ చెప్పే ఖలీల్‌ను పట్టుకున్నాను. ఆదోనిలోనే పుట్టి పెరిగినవాడు, నాకంటే చిన్నవాడు, నాకంటే తెలివైనవాడు. రెండోది నేను అతనికి చెప్పలేదు. ఇద్దరం కూర్చొని ప్రశ్నలు తయారుచేశాం. ఇంట్లో ఎన్ని గంటలు చదువుతారు, తల్లిదండ్రులు ఎంతవరకు చదివారు, కాలేజీ ఎంత దూరం, ఇంటర్ తెలుగు మీడియమా, లెక్కలంటే భయమా ఇష్టమా, హాజరు ఎంత. చివరిదాని కింద నేను రెండు గీతలు గీశాను.

"ఏం భాయ్, ఇంకా ఎవరినీ అడగనే లేదు, అప్పుడే గీతలు గీస్తాండావు," అన్నాడు ఖలీల్.

నా క్లాసుకు వచ్చేవారికి లెక్కలు వస్తాయన్నది నా సిద్ధాంతం. సిద్ధాంతమే, నిరూపణ అడక్కండి.

ఆ సెమిస్టర్‌లో నేను రెండో సంవత్సరం వాళ్లకు రియల్ అనాలిసిస్ చెబుతున్నాను. ఇంటర్‌లో నమ్మించి చెప్పిన కాలిక్యులస్‌ను డిగ్రీలో నిరూపించి చెప్పే పేపర్ అది. అందులో మొదట పిల్లల్ని భయపెట్టేది లిమిట్ నిరూపణ. ఎప్సిలాన్, డెల్టా అని రెండు గ్రీకు అక్షరాలుంటాయి. ఎప్సిలాన్ అంటే జవాబు ఎంత దగ్గరికి రావాలో ఎదుటివాడు పెట్టే షరతు. డెల్టా అంటే ఆ షరతు నిలబెట్టడానికి మనం ఎంత దగ్గరలో మసలుకోవాలో చెప్పే హద్దు. ఎదుటివాడు ఎంత కఠినంగా షరతు పెట్టినా మనం తగిన హద్దు చూపించగలిగితే నిరూపణ అయినట్టు. పుస్తకాలన్నిటిలో ఈ నిరూపణ ఒకేలా మొదలవుతుంది: "డెల్టాను ఎప్సిలాన్ బై మూడు అనుకుందాం." నేనూ అలాగే మొదలుపెట్టాను.

మూడో బెంచీలో మహాదేవి లేచింది. ఆలూరు దగ్గరి ఒక పల్లెనుంచి రోజూ వచ్చే అమ్మాయి.

"సార్, ఆ బై మూడు యాడ్నుంచి వచ్చె?"

"చివర సరిగ్గా సరిపోతుంది చూడమ్మా."

"సరిపోతాది సార్. సరిపోతాదని మొదట్లోనే మీకెట్ల తెల్సె?"

క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను. ముందు రాసుకో, తర్వాత అర్థమవుతుందని చెప్పి బోర్డువైపు తిరిగాను. ఆమె కూర్చుంది కానీ రాసుకున్నట్టు లేదు. మొదటి మిడ్ పరీక్షలో, అంటే సెమిస్టర్ నడుమ కాలేజీలోనే పెట్టే పరీక్షలో, ప్రశ్నను ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తి రాసి, కింద "డెల్టా" అని ఒక్క మాట పెట్టి ఆపేసింది. నేను సున్న వేశాను. సున్నకు కూడా విలువ ఉందని క్లాసులో చెబుతుంటాను గానీ, మార్కుల్లో దాని విలువ సున్నే.

ఆ తర్వాతి వారం ఆమె స్టాఫ్ రూముకు వచ్చింది.

"సార్, సుగ్గికి పోతాండాము. రెండో మిడ్‌కు వస్తాను."

మా పడమటి పల్లెల్లో వానపంట ఇంటికి చేరాక పనులుండవు. గింజలు, గిన్నెలు మూటగట్టి, ఇంటికి తాళం వేసి, గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. దాన్నే సుగ్గికి పోవడం అంటారు.

"పెద్దవాళ్లు పోతే పోనీ. నువ్వు ఇంట్లో ఉండి చదువుకోవచ్చు కదా," అన్నాను.

"ఇంట్లో ఎవురుంటారు సార్. నేనొగదాన్నే తలుపేసుకోని ఉండల్ల."

"హాజరు పోతుందమ్మా."

"ఆడ గూడ హాజరు ఏస్తారు సార్. పోకుంటే ఆడ పోతాది."

బోర్డు ఫోటోలు క్లాసు వాట్సాప్ గ్రూపులో పెడతాను, చూస్తూ ఉండు అని పంపించాను. పంపించి, ఖలీల్ గీస్తున్న గ్రాఫ్ మీద ఆమె చుక్క ఎక్కడ పడుతుందో వేలు పెట్టి చూపించాను. హాజరు తక్కువ, మార్కులు తక్కువ, కింద ఎడమ మూల. అభిమాన సిద్ధాంతానికి ఇంత చక్కటి ఉదాహరణ దొరికినందుకు కాస్త బాధపడ్డాను కూడా.

సుగ్గి ముగించుకొని ఇంటివాళ్లతోబాటు తిరిగొచ్చి, చెప్పినట్టే రెండో మిడ్‌కు వచ్చింది. ఎండకు నల్లబడింది, మిరప ఘాటుకు వేళ్ల కొనలు పగిలి గుడ్డపీలికలు చుట్టుకుంది. మూడు నిరూపణలు అడిగాను. మూడూ సరిగ్గా రాసింది. మా క్లాసులో అలా రాసింది ఆమె కాక ఇంకొక్కరే.

సంతోషించాల్సిన చోట నాకు అనుమానం పట్టుకుంది. ఆ జవాబులు రాసిన తీరే వేరుగా ఉంది. పైన మొదటి వరుస ఉంది. చాలా కింద చివరి వరుస ఉంది. నడుమ వరుసలు తర్వాత ఇరికించినట్టు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఇన్నేళ్లుగా పేపర్లు దిద్దుతున్నవాడికి ఆ వాలకం బాగా తెలుసు. లెక్క రానివాడికి పక్కవాడి పేపర్లో ముందు దొరికేది చివరి వరుసే. దాన్ని రాసుకొని, జాగా వదిలి, నడుమ భాగం దొరికినప్పుడు నింపుకుంటాడు. ఇది కాపీ అని నా కన్ను చెప్పింది. చిక్కేమిటంటే, ఆ రోజు ఆ గదిలో ఇన్విజిలేటర్‌ను నేనే. కాపీ కొట్టిందని రాస్తే, అప్పుడు మీ కన్ను ఏం చేస్తోందని అడుగుతారు.

అంతలో హాజరు లెక్క బయటికి వచ్చింది. డెబ్బై అయిదు శాతం లేనివారిని సెమిస్టర్ పరీక్షకు పంపాలంటే కండోనేషన్ కావాలి. అంటే కారణం చూసి ఆ లోటును మన్నించడం. దానికి విభాగం హెడ్‌గా నేను సిఫారసు చేయాలి. నేను ప్రిన్సిపాల్‌గారికి నా అనుమానం చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ మార్కులు ఆమెవేనని రాసివ్వండి, పంపిస్తాను. కాపీ అని రాసివ్వండి, ఆపేస్తాను. రెండూ కానిది మాత్రం రాయొద్దు. రేపటికల్లా తేల్చండి."

ఆపేస్తే ఆమె మళ్లీ ఏడాది జూనియర్లతో కూర్చొని అదే సెమిస్టర్ చదవాలి. ఖలీల్ గ్రాఫ్ చూపించాడు. చుక్కలన్నీ ఒక వాలులో బుద్ధిగా పోతుంటే, ఒక్క చుక్క ఎక్కడో పైన ఎడమ మూల వేలాడుతోంది.

"దీన్ని ఔట్‌లయర్ అంటాము భాయ్. మంద విడిచిన చుక్క. గ్రాఫ్ లోంచి తీసేయొచ్చు," అన్నాడు. గ్రాఫ్ మడిచి, "కాలేజీలోంచి తీసేయాలంటేనే ఆలోచించాల," అన్నాడు.

మర్నాడు మహాదేవితోబాటు వాళ్లమ్మ నరసమ్మ వచ్చింది. నేను పిలిపించింది కూతుర్ని మాత్రమే. ఆమె గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది.

"సార్, మా పాప దొంగతనం సేసిందంటనే?"

"దొంగతనం కాదమ్మా. కూర్చోండి."

"మళ్ల ఏం సేసింది?"

"పరీక్ష బాగా రాసింది."

ఆమె నన్నూ కూతుర్నీ మార్చి మార్చి చూసింది. "బాగా రాస్తే పిలిపిస్తారా సార్?"

ఖలీల్ కిటికీవైపు తిరిగి దగ్గాడు. నేను సర్దుకొని, మొదటి పరీక్షలో ఏమీ రాయలేదని, తర్వాత కాలేజీకే రాలేదని, వచ్చీ రాగానే అంతా రాసేసిందని, అది ఎలాగో తెలియక అడుగుతున్నానని చెప్పాను.

"అంటే, వచ్చినన్నాళ్లు రాల్యా, రాకుంటే వచ్చె. అంతే గదా మీరు సెప్పేది," అంది నరసమ్మ. "అదెందుకో మీకే తెలియాల సార్. సదువు సెప్పేది మీరు."

ఇన్నేళ్ల ఉద్యోగంలో నా బోధన మీద ఇంత క్లుప్తమైన సమీక్ష ఎవరూ రాయలేదు.

ఆమె గొంతు తగ్గించింది. "వాళ్ల నాయన ఒగటే మాట సెప్పినాడు సార్. ఈ పరీచ్చకు కూసోనీకుంటే ఇంగ బస్సు ల్యా, కాలేజీ ల్యా, మాతోనే పనికి అన్నాడు. దానికేమో సదువు మీదనే పానం. మీరేం రాస్తారో, రవ్వంత సూసి రాయండి."

అంతవరకు నేలచూపులు చూస్తున్న మహాదేవి తలెత్తింది. "సార్, నేను సూసి రాయల్యా. ఇంగో లెక్క ఇయ్యండి. మీ ముందరే సేస్తా."

స్టాఫ్ రూములో చిన్న బోర్డు ఉంది, నోటీసులు రాయడానికి. దాన్ని తుడిచి, చాక్‌పీసు ఇచ్చి, క్లాసులో ఎప్పుడూ చేయని లెక్క ఒకటి చెప్పాను: ఎక్స్ ఒకటి వైపు పోతే, ఐదు ఎక్స్ మైనస్ రెండు మూడు వైపు పోతుందని నిరూపించాలి. ఆమె పైన మొదటి వరుస రాసింది. రాసి, కిందికి వంగి, బోర్డు అడుగున చివరి వరుస రాసింది. నడుమ ఖాళీ.

కాపీకి సాక్ష్యమని నేను అనుకున్నది నా కళ్లముందే మళ్లీ జరుగుతోంది. చూసి రాయడానికి అక్కడ నేను, ఖలీల్, నరసమ్మ, ఒక నీళ్ల కూజా తప్ప ఏమీ లేవు.

"అదేమిటి, చివరిది ముందే రాశావు?" అన్నాను.

"తుద యాడికి పోవల్లో మనకు తెల్సు గదా సార్. ఆన్నుంచి ఎనక్కి వస్తాండా."

కిందినుంచి ఒక్కో వరుస పైకి రాసుకుంటూ వచ్చింది. జవాబుకూ మూడుకూ తేడా ఎప్సిలాన్ లోపల ఉండాలి. ఆ తేడా అంటే ఎక్స్ మైనస్ ఒకటికి ఐదు రెట్లు. అది ఎప్సిలాన్ లోపల ఉండాలంటే, ఎక్స్ మైనస్ ఒకటి ఎప్సిలాన్ బై ఐదు లోపల ఉండాలి. ఆ వరుస వచ్చి పై వరుసకు తగిలింది. "ఇదో, బై ఐదు ఈన్నుంచి వచ్చె," అని చాక్‌పీసుతో దానిమీద కొట్టింది.

"ఇలా చేయమని ఎవరు చెప్పారు?"

"ఎవురూ సెప్పల్యా సార్. మిరప్ప కోసేటప్పుడు తలా ఒక సాలు పట్టుకుంటాము. మా వదిన బిరబిరా కోస్తాది. ఆమె సాలు అయిపోతానే, నా సాలుకు ఆపక్క తుదనుంచి కోస్తా ఎదురొస్తాది. నేను ఈపక్కనుంచి పోతా. ఇద్దరం నడుమ కలుస్తాము. మీరు పంపిన ఫోటోను మనసులో పెట్టుకోని కోస్తాంటే, ఒగ దినం అనిపించె. ఈ లెక్కకు గూడ ఎదురొస్తే ఏమవుతాదని."

నాకింకా నమ్మకం కుదరలేదు. ఒకే ఉపాయం ఒకే రకం లెక్కకు పనిచేసి ఉండొచ్చు. ఎక్స్ స్క్వేర్ రెండు దగ్గర నాలుగు వైపు పోతుందని నిరూపించమన్నాను. అది ఇంకా నేను చెప్పని పాఠం. వెనక్కి వస్తే ఒకటి కాదు, రెండు ముక్కలు ఎదురవుతాయి: ఎక్స్ మైనస్ రెండు, ఎక్స్ ప్లస్ రెండు. మొదటిది మనకు కావలసిందే. రెండోది అడ్డం.

మహాదేవి అక్కడ ఆగిపోయింది. చెరిపింది, రాసింది, మళ్లీ చెరిపింది. వేలికున్న గుడ్డపీలిక తెల్లగా అయిపోయింది. నరసమ్మ లేచి కొంగు సర్దుకుంది.

"పర్వాల్యా పాపా. పోదాం పా," అంది మెల్లగా.

"ఉండుమా." మహాదేవి బోర్డు మీదినుంచి కళ్లు తిప్పలేదు. "సార్, ఈ ఎక్స్ ప్లస్ రెండు పోనీడం ల్యా. ఎక్స్ కదిలినప్పుడంతా ఇదీ కదుల్తాది. దీన్ని కట్టేయొచ్చా?"

"ఎలా?"

"రెండుకు ఒగటి కంటే దూరం పోనని ముందే మాట ఇస్తా. అప్పుడు ఎక్స్ మూడు దాటదు. ఇది ఐదు దాటదు."

ఆ తర్వాతిది నేను చెప్పనక్కరలేకపోయింది. ఆమె డెల్టా రాసింది. ఒకటి, ఎప్సిలాన్ బై ఐదు, రెండిట్లో ఏది చిన్నదైతే అది. అది పుస్తకంలో ఉన్నదే. నేను ఆమెకు పంపిన ఫోటోల్లో లేనిది.

ఖలీల్ లేచి నరసమ్మకు గ్లాసుతో నీళ్లిచ్చాడు. పరీక్ష రాసింది ఆమే అన్నట్టు గటగటా తాగేసింది.

కాపీ కాదని తేలింది. కానీ నా సమస్య తేలలేదు. ఆ ప్రాజెక్టు నెత్తిమీద ఉంది కాబట్టి, ఇదంతా ఎలా వచ్చిందో ఇప్పుడైనా తెలుసుకుందామని అడిగాను.

"అయితే ఆ సాలు ఉపాయం వల్లేనన్నమాట."

"అదీ ఉంది సార్," అంది మహాదేవి. "మా వదినకు సెప్పేదాన్ని. అందుకు గూడ వచ్చిందేమో."

"వదిన చదువుకుందా?"

"ఐదో తరగతి సార్. ఆమెకు అర్థమయ్యేది గాదు, ఊరికే ఉండేదీ గాదు. అదెందుకు, ఇది యాడిది అని ఒగటే సతాయించేది."

"అదంతా ఏం గాదు సార్," అని నరసమ్మ అడ్డం వచ్చింది. "ఈడ పొద్దున్నే బస్సుకని కడుపుకు తినకుండా ఉరుకుతాది. ఆడ అందరితో పాటు తెల్లారే రొట్టె తిని పోయేది. తింటే సదువు రాకేం సేస్తాది?"

"చెట్లకాడ ఎవురూ మార్కులు అడగరు సార్. తప్పు సెప్పినా మిరపచెట్టు నవ్వదు," అంది కూతురు.

"మీ వదిన నవ్వేది గదే," అంది తల్లి.

"వదిన నవ్వితే ఏమిలే."

ఖలీల్ అన్నీ రాసుకుంటూ పోయి, చివరికి పెన్నుకు మూత పెట్టేశాడు. "భాయ్, మనిషి ఒక్కరు, కారకాలు ఇన్ని. ఏది ఎంత అని విడదీసే సూత్రం నా దగ్గర లేదు. మిరపకాయ కారం కూడా ఒక కారకమని రాసుకుంటే రాసుకో."

సిఫారసు కాగితం మీద ఇలా రాశాను: "ఈ మార్కులు ఈ విద్యార్థినివే. ఎదుట చేయించి చూశాను. ఎలా వచ్చాయో నాకు తెలియదు." ప్రిన్సిపాల్‌గారు చదివి, చివరి వాక్యం కొట్టేసి తిరిగి రాయమన్నారు. కొట్టేశాను. మహాదేవికి హాల్ టికెట్ వచ్చింది.

తర్వాత నేను కొంత హడావుడి చేశాను. లిమిట్ నిరూపణలన్నీ తుదనుంచి మొదలుపెట్టి చెప్పాను. కొందరి ముఖాలు వెలిగాయి. ఇన్నాళ్లూ కంఠస్థం చేసి నిండుగా మార్కులు తెచ్చుకునే ఒక కుర్రవాడు మాత్రం, "సార్, ఇంతకీ పరీక్షలో ఏ పక్కనుంచి రాయల్ల?" అని బెంగపడి రెండు పక్కలా తప్పు రాశాడు. జంటలుగా కూర్చోబెట్టి ఒకరికొకరు చెప్పుకోమన్నాను. చెప్పుకున్నారు, లెక్కలు కాదు. నరసమ్మ మాట గుర్తొచ్చి ఒకరోజు మొదటి పీరియడ్‌కు ఉడకబెట్టిన శనక్కాయలు తీసుకుపోయాను. మార్పు కనిపించింది, శనక్కాయల్లోనే. ఏది చేసినా కొందరికి వచ్చింది, కొందరికి పోయింది. ప్రాజెక్టు రిపోర్టులో అన్ని కారకాలూ రాసి, "వీటి పరస్పర సంబంధం సంక్లిష్టమైనది" అని ముగించాం. తెలియదనే మాటను తనిఖీ బృందం మెచ్చుకునేలా రాయడం ఖలీల్‌కు బాగా వచ్చు.

మహాదేవి సెమిస్టర్ పరీక్షలో ఆ పేపర్ మంచి మార్కులతో పాసయింది. అక్కడితో ఆగిపోతే నాకు బాగుండేది. తర్వాతి సెమిస్టర్‌లో ఆమె ఒక్క క్లాసు మానలేదు. వాళ్లమ్మ ఇప్పుడు రొట్టె చుట్టి సంచిలో పెట్టి పంపుతోందని కూడా చెప్పింది. మార్కులేమో మధ్యస్థంగా వచ్చాయి. ఎందుకమ్మా అంటే, "ఏమో సార్. మీరే సెప్పల్ల," అని నవ్వింది. ఏమైతేనేం, డిగ్రీ పూర్తిచేసి ఇప్పుడు బి.ఎడ్. చదువుతోంది.

పిల్లలకు లెక్కలు రాకపోతే కారణాలు చెప్పడం మా వృత్తిలో తేలిక. ఊరు, ఇల్లు, భాష, ఫోను, ఏదో ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, వెంటనే నమ్మేస్తాం. వచ్చినప్పుడే కారణం దొరక్క తడుముకుంటాం, దొరకలేదు కాబట్టి రాలేదనుకుంటాం. ఆ రోజు నేను తేల్చాల్సింది ఎలా వచ్చిందన్నది కాదు, వచ్చిందా లేదా అన్నదే. మొదటిది ఇప్పటికీ తేలలేదు. రెండోది తేలడానికి ఒక బోర్డు సరిపోయింది. ఎవరి మార్కులైనా అమాంతం పెరిగితే, నాకు ఇవాళ కూడా ముందు కలిగేది అనుమానమే. ఆ గుణం పోలేదు. పిలిచి కూర్చోబెట్టి, కారణం అడగబోయి ఆగిపోయి, చాక్‌పీసు చేతికిస్తాను.